తిన్నాక చెప్పే కబురు

"తిన్యావా నాయనా?" అని అడిగింది ఎదురింటి అవ్వ.

మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా తన గడప దిగని మనిషి, వీధి దాటి వచ్చి, మా అరుగు పట్టుకుని నిలబడి అడిగింది. నేను అప్పుడే చెయ్యి కడుక్కుని తువ్వాలు కోసం వెతుక్కుంటున్నాను. తిన్నానన్నాను. "కడుపు నిండా తిన్యావా?" అంది మళ్ళీ. అంతే, తడి చెయ్యి తడిగానే ఉండిపోయింది. ఆత్మకూరులో మా వీధివాళ్ళను ఆ ప్రశ్న రెండోసారి అడగనక్కరలేదు. ఎవరో పోయారన్నమాట. మా చుట్టాలలో పోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళను మనసులో ఒక వరసలో నిలబెట్టుకుంటూండగా అవ్వే చెప్పింది.

"తపాలా మామ పోయినాడప్పా. పొద్దున, పోస్టాఫీసులోనే."

నేను నవ్వాను. తప్పుగా అనుకోకండి. ఊరందరి కబుర్లూ మోసే మనిషి తానే ఒక కబురవుతాడని నాకెన్నడూ తోచలేదు. అవ్వ ఏదో పొరపాటు పడింది, అడ్రసు తప్పింది, ఇంకెవరిదో కబురు మాకు తెచ్చింది అనుకున్నాను. అవ్వ అట్లాగే నిలబడి ఉంది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఆగిన నవ్వును ఏం చేసుకోవాలో ఈ రోజుకూ నాకు తెలియడం లేదు.

పాఠక మహాశయులకు ఈ మామ ఎవరో మనవి చేసుకోవాలి. ఆయన మా ఊరి పోస్టుమాను. ఉత్తరాలకూ ఆయనే, తంతికీ ఆయనే. ఆయన మహమ్మదీయుడు, మేము కాదు. అయినా మా అమ్మకు ఆయన అన్న, కనుక నాకు మామ. "ఆయన నీకు అన్న ఎట్లా అయినాడమ్మా?" అని నేను బి.ఏ. తెలివితో ఒకసారి అడిగితే, "నా పుట్టింటి ఉత్తరాలు తెచ్చిచ్చేటోణ్ని ఇంకేమని పిలవాల?" అంది మా అమ్మ. అనంతపురం కాలేజీలో నాకు తర్కం చెప్పిన పంతులు గారికి కూడా దీనికి జవాబు దొరకదు.

మామకు చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దానితో ఆయన రాయగా చూసినవాళ్ళు లేరు. ఖాకీ కోటుకు రెండే గుండీలు మిగిలాయి, ఆ రెండూ ఒకదానికొకటి చుట్టాలు కావు. ఇంగ్లీషులో ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ కూడబలుక్కుని చదివేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. కానీ చేతికి వచ్చిన ఉత్తరంలో ఉన్నది మంచో చెడో ఆయనకు తెలియకపోవడమంటూ లేదు. మూలకు పసుపు అంటి ఉంటే పెళ్ళి. కార్డయితే పైన 'అశుభం' అన్న మాట ఎవరికైనా కనిపిస్తుంది. తంతి అయితే టక్‌టక్ మని దింపుకున్న పోస్టుమాస్టరయ్య ముఖమే సగం చెబుతుంది.

మంచి కబురైతే ఆయన వీధి మలుపులోనే కేక పెట్టేవాడు. "రాంభొట్లయ్యా, మనవడు!" అని ఆ మలుపులో అరిచాడంటే రామభొట్లయ్య గారు పంచె సర్దుకుని బయటికి వచ్చేలోగా ఆ పుట్టిన పిల్లవాడి బరువు గురించి కూడా వీధిలో నాలుగు అభిప్రాయాలు బయలుదేరేవి. మామూలు ఉత్తరాలు నడుస్తూనే అరుగు మీద విసిరేవాడు. చెడ్డ కబురైతే మాత్రం కేక ఉండదు. మెల్లగా వస్తాడు. సంచి దించి అరుగు మీద పెడతాడు. తలెత్తకుండా అడుగుతాడు.

"తిన్యారా?"

తినలేదంటే తానూ అరుగు మీద కూర్చునేవాడు. "తినండి, నాకేం తొందర లేదు." లోపల ఆడవాళ్ళకు అర్థమయ్యేది. ఏడుస్తూనే వడ్డించుకుని, ఏడుస్తూనే తినేవాళ్ళు. కొందరు తిన్నామని అబద్ధమాడితే ఆయన వాళ్ళ చేతుల వైపు చూసేవాడు. ఎండిపోయిన చేతులను చూసి మళ్ళీ కూర్చునేవాడు. ఆఖరి ముద్ద దిగాక, చెయ్యి కడుక్కున్నాక, అప్పుడు సంచిలోంచి కబురు తీసేవాడు.

ఇదేం పద్ధతి మామా అని నేను అడిగాను. ఆ పాత యుద్ధం నాటి మాట చెప్పాడు. ఉద్యోగం కొత్త. సిపాయిగా పోయిన కొడుకు చనిపోయాడని బస్రా నుంచి ఒక ఇంటికి తంతి వచ్చింది. పళ్ళెం ముందు కూర్చున్న తండ్రికి, నోటికి ముద్ద ఎత్తే వేళకు, తెచ్చి ఇచ్చాడు. "ఆ ముద్ద ఆడనే ఉండిపాయ బీయే. మూడు దినాలు ఆ ఇంట్లో ఎవురూ తినలే. మూడో దినం పోయి చూస్తే ఆ పెద్దమనిషికి ఏడ్సేకి కూడా సత్తువ లేదు, ఊరికే నోరు తెరుస్తాండాడు. ఏడ్సేకన్నా బలముండల్ల కదప్పా." అన్నట్టు, ఆయన నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. బీయే అనేవాడు, అది మా అమ్మ పెట్టిన పేరైనట్టు.

పట్టా పుచ్చుకుని ఊరు చేరాక నేను కర్నూలు నుంచి మద్రాసు దాకా ఉన్న కచేరీలన్నిటికీ దరఖాస్తులు పెట్టాను. ఒక్కొక్కటే తిరిగి వచ్చేవి. మామ సంచి దించి, తలొంచుకుని, "తిన్యావా బీయే?" అనేవాడు. ఉద్యోగం రాలేదుగానీ ఆ ఏడాది నేను బాగా లావెక్కాను.

ఇంత చనువు ఇచ్చిన మనిషిని వెక్కిరించకుండా ఉండడం నా వల్ల కాలేదు. మామ గొంతు నాకు అచ్చంగా వచ్చేది. ఆ కొద్దిపాటి బొంగురు, ఆ 'న్యా' దగ్గర చిన్న సాగదీత. వీధిలో అందరినీ ఆ గొంతుతో అడిగి హడలగొట్టేవాణ్ని. నిమిషం తరవాత నవ్వేవాళ్ళు, లేదా చెంబు విసిరేవాళ్ళు. రెండూ మెప్పుదలగానే పుచ్చుకున్నాను.

ఆగస్టులో స్వరాజ్యం వచ్చింది. ఆ రోజు శుక్రవారం, రంజాను నెల. బడి పిల్లలు కాగితపు జెండాలు పట్టుకుని ఊరంతా తిరిగారు. మామ తలపాగాలో ఒకటి గుచ్చుకుని మసీదుకు పోతున్నాడు. "తిన్యావా మామా?" అన్నాను ఆయన గొంతుతోనే. "రోజాలో ఉన్నోణ్ని తిన్యావా అని అడుగుతాండావు, నీకు బీయే ఎవురిచ్చినారప్పా?" అన్నాడు. ఇంకా అన్నాడు, "సొతంత్రమంట, సెలవంట. రేపు రెండు దినాల ఉత్తరాలు నా నెత్తిన." ఆ నవ్వు బాగా గుర్తుంది. ఆ తరవాత ఆయన అట్లా నవ్వింది నాకు గుర్తు లేదు.

వారం తిరగకముందే పేపర్లు మారిపోయాయి. కాఫీ హోటలులో నేను పైకి చదివేవాణ్ని. రైళ్ళు, ఊళ్ళు, బావులు. చదివే నా గొంతే నాకు ఎవరిదో అనిపించేది. మా ఊళ్ళో మాత్రం అన్నీ మామూలే. చెనిక్కాయ చేలల్లో కలుపు తీస్తున్నారు, బండ్లు నల్లమల వైపు పోతున్నాయి, వస్తున్నాయి. ఇక్కడ గాలి కూడా కదలడం లేదు, అక్కడ మనుషులు మనుషులను నరుకుతున్నారు, రెండూ ఒకే దేశమట. పేపరు మడిచి కాఫీ తాగేవాళ్ళం. ఆ కాఫీ ఎట్లా దిగిందా అని ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

ఒకాయన మామను నిలబెట్టి, "ఏం సాయిబూ, మీ దేశం మీకొచ్చె కదా, ఎప్పుడు పోతాండావు?" అన్నాడు. మామ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "నా దేశమా? పెద్దబజారు మలుపు కాడ మొదులైతాది, చెరువుకట్ట వీధి కాడ అయిపోతాది. దానికవతల నా బీటు కాదప్పా." అందరూ నవ్వారు. ఆ అడిగినాయనా నవ్వాడు. మామ నడిచిపోయాడు.

ఆయన బీటుకు అవతల ఆయన కూతురు ఉండేది. అల్లుడు దర్జీ. యుద్ధంలో మిలిట్రీ బట్టలు కుట్టడానికి ఢిల్లీ పోయి, భార్యను పిలిపించుకుని అక్కడే నిలిచిపోయాడు. వాళ్ళకు నాలుగేళ్ళ పాప. ఈ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసీ, ఆ దినాల్లో ఒక్కరం కూడా ఆయన్ను నీ కూతురి ఉత్తరం వచ్చిందా అని అడగలేదు. ఉత్తరాలు తెచ్చే మనిషికి ఉత్తరం రాకపోవడమేమిటి అనుకున్నామేమో.

మేమంతా ఎదురింటి అవ్వ గురించే దిగులు పడుతున్నాం. ఆమె ఒక్కగానొక్క కొడుకు మగ్గం వదిలిపెట్టి మిలిట్రీలో లారీ తోలడానికి పోయాడు. వాడు పోయినప్పటి నుంచి అవ్వ మగ్గం గుంట మీద పలకలు పరిచి, వాడి కంచం బోర్లించి దాని మీద పెట్టింది. ఆ కంచాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వాడు పంజాబులో ఉన్నాడు. ఆషాఢం నుంచి ఉత్తరం లేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా మామను తలుచుకునే అర్హత నాకు లేదు.

ఒక మధ్యాహ్నం ఊరికే పోతూ అవ్వ తలుపు చాటున నిలబడి, సంచి దించినట్టు అరుగు మీద ఒక చప్పుడు చేసి, మామ గొంతుతో అన్నాను: "తిన్యావా అక్కా?"

అవ్వ పొయ్యి ముందు సంగటి కెలుకుతూ ఉంది. తెడ్డు ఆగింది. చెంబు విసురుతుందేమోనని నేను తల దాచుకున్నాను. ఏమీ విసరలేదు. తెడ్డు పక్కన పెట్టి, పైట సరిచేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఎంతో నిమ్మళంగా అంది.

"తిన్యా తమ్ముడా. చెప్పు."

ఆమె ఏమీ తినలేదు. సంగటి ఇంకా పొయ్యి మీదే ఉంది. ఆ మాట అనడానికి ఆమె ఎన్ని రోజులుగా సిద్ధమై ఉందో నాకు అప్పుడు తెలిసింది. నేను లోపలికి పోయి, నేనవ్వా, నేను, ఊరికే అన్నాను, అన్నాను. ఆమె నా వైపు చూసింది. తిట్టలేదు. "పో నాయనా" అంది. ఆ సంగటి ఆ రోజు మాడిపోయింది.

మరునాడు మామ నన్ను కాఫీ హోటలు పక్కకు తీసుకుపోయాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నా గొంతు బాగా వచ్చిందంట కదా బీయే."

నేను గోడ సున్నం గోటితో గీకుతూ నిలబడ్డాను.

"గొంతు నీకు కావాలంటే పెట్టుకోప్పా. ఆ మాట మాత్రం అనొద్దు. అది నాది కాదు, నీది కాదు. సంచిలోది. భుజాన సంచి లేనోడు ఆ మాట అనగూడదు."

నేను అనలేదు. ఆ రోజు నుంచి ఎవరినీ, మామూలు పలకరింపుగా కూడా, తిన్నావా అని అడగలేదు. రాయలసీమలో ఆ మాట లేకుండా పలకరించి చూడండి, అంతకన్నా మూగవాడిగా పుట్టడం సులువు.

పది పదిహేను రోజులు గడిచాయి. ఒకనాడు ఎండ నడినెత్తిన ఉండగా వీధి మలుపులో కేక వినిపించింది. "అక్కా! నీ కొడుకు సావలేదు! మొండి నాయాలు, బాగుండాడు!"

వీధి వీధంతా బయటపడింది. మామ చెయ్యెత్తి కార్డు ఊపుతూ వస్తున్నాడు. వాణ్ని ఢిల్లీకి మార్చారట, బాగున్నాడట. అవ్వ కార్డు కళ్ళకు అద్దుకుని, చదవడం రాదు కనుక రెండు వైపులా చూసుకుని, నవ్వుతూ, ఏడుస్తూ, గడప మీద కూలబడింది. మేమంతా ఆ ఆనందంలో ఉండగా మామ అరుగు మీద సంచి దించాడు.

"అక్కా, ఇంత సంగటి ఉంటే పెట్టు."

అందరం ఆగిపోయాం. బీటు మీద ఉన్నప్పుడు ఆ మనిషి ఏ ఇంట్లోనూ మజ్జిగ కూడా పుచ్చుకోడు. పైగా అవ్వ ఇంట్లో ఆయన తినడం ఊరివాళ్ళు ఒప్పుకునే సంగతి కాదు. అవ్వ ఎవరినీ చూడలేదు. లోపలికి పోయి, మగ్గం గుంట మీద బోర్లించిన కంచం తీసి, కడిగి, దానిలో రాగి సంగటీ చెనిక్కాయల ఊరుబిండి పచ్చడీ పెట్టి తెచ్చింది.

మామ మెల్లగా తిన్నాడు. ఒక్కొక్క ముద్దా చాలాసేపు నమిలాడు. మేము చుట్టూ నిలబడి చూస్తున్నాం. నేను, మతిలేనివాణ్ని, "ఏం మామా, ఈ రోజు డ్యూటీ మరిచినావా?" అన్నాను.

ఆయన కంచంలోకి చూస్తూనే చెప్పాడు. "పొద్దున పోస్టుమాస్టరయ్య నన్ను తిన్యావా అన్నాడప్పా."

అవ్వ తన కార్డును కొంగు కింద పెట్టుకుంది.

"లేదన్నా. తినిపో సాయిబూ అన్నాడు. బీటు అయినాక తింటానంటి."

కంచం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. కండువాతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. కోటు లోపలి జేబులోంచి తంతి తీశాడు. విప్పలేదు. పొద్దుటి నుంచీ దాన్ని గుండె మీద పెట్టుకుని ఊరంతా ఉత్తరాలు పంచాడు. మలుపులో ఆ కేక పెట్టాడు.

"తిన్యా బీయే. ఇప్పుడు చదువు. తెలుగులో చెప్పు."

నేను విప్పాను. ఇంగ్లీషులో మూడే ముక్కలు. కూతురూ అల్లుడూ చంపబడ్డారు. పాప నా దగ్గర క్షేమం. ఉత్తరం వెనక వస్తుంది. కింద వాళ్ళ ఇంటి యజమాని పేరు, హిందువుల పేరు. నాలుగేళ్ళు చదివిన ఇంగ్లీషు ఆ మూడు ముక్కలు చదవడానికే పనికొచ్చింది. వాటిని తెలుగు చెయ్యడానికి నోరు రాలేదు. ఎట్లా చెప్పానో గుర్తు లేదు. ఎవరి గొంతుతో చెప్పానో కూడా గుర్తు లేదు.

మామ అంతా విన్నాడు.

"పాప ఉండాదా?"

"ఉండాది మామా."

"ఉత్తరం వస్తాదన్నారా?"

"వస్తాది."

"సరే" అన్నాడు. సంచి ఎత్తుకున్నాడు. అవ్వ వైపు తిరిగి, "సంగటి బాగుండాదక్కా" అన్నాడు. ఇంటికి పోయి అత్తకు అన్నం పెట్టించి, తరవాత చెప్పాడట.

మర్నాడు బీటుకు వచ్చాడు. ఆ తరవాత రోజూ వచ్చాడు. కానీ ఎవరినీ తిన్యారా అని అడగడం మానేశాడు. మలుపులో కేకలూ మానేశాడు. పెళ్ళి ఉత్తరమూ చావు ఉత్తరమూ ఒకే తీరుగా చేతిలో పెట్టి పోయేవాడు. మా వీధికి మొదటిసారి భయం పట్టుకుంది. ఏది మంచో ఏది చెడో తెలియక, ప్రతి ఉత్తరాన్నీ నిలబడే చించేవాళ్ళం. ఢిల్లీలో ఏం జరిగిందో పేపర్లో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. ఉత్తరం విప్పేటప్పుడు మా అమ్మ వేళ్ళు చూశాక ఎక్కింది.

ఆయన మాత్రం ఆ ఉత్తరం కోసం చూశాడు. రోజూ తెల్లవారగానే పోస్టాఫీసు మెట్ల మీద కూర్చునేవాడట. సంచి రాగానే ముందు ఉత్తరదేశపు కట్ట విప్పేవాడట. "ఉత్తరం ఎప్పుడూ వస్తాదప్పా. ఆలీసమైతాది గానీ వస్తాది. ఇన్నేండ్లలో నేను చూసిందదే," అన్నాడు నాతో ఒకసారి. ఉద్యోగధర్మంగా అన్నాడో, నన్ను నమ్మమన్నాడో తెలియదు. అట్లా నెల దాటింది. ఒక పొద్దున ఆ కట్ట విప్పుతూనే పక్కకు ఒరిగిపోయాడని పోస్టుమాస్టరు గారు చెప్పారు. చెవి మీది పెన్సిలు కింద పడితే, తీసి మళ్ళీ చెవి మీదే పెట్టారట. ఎందుకు పెట్టానో తెలియదన్నారు.

మట్టి చేసిన నాలుగో రోజు ఉత్తరం వచ్చింది.

కొత్త పోస్టుమాను దాన్ని పట్టుకుని ఎవరికి ఇవ్వాలో తెలియక మా అరుగు దగ్గర నిలబడ్డాడు. నేను పుచ్చుకుని మామ ఇంటికి పోయాను. అత్త గోడ వారగా కూర్చుని ఉంది. నా చేతిలోని కవరు చూసింది. నేను నోరు తెరిచాను. ఆ మాట రావాలి, రావడం లేదు. చివరికి ఆమే లేచింది. రెండు పళ్ళేలు తెచ్చి వేసింది. ఇద్దరం తిన్నాం. కవరు మధ్యలో ఉంది. తిన్నాక తీసుకుపోయి మసీదు హజరతు గారికి ఇచ్చాం, ఎందుకంటే అది ఉరుదూలో ఉంది, నా బి.ఏ. దాని ముందు వేలిముద్రతో సమానం.

పాప బాగుందట. ఆ ఇంటాయన తన పిల్లల్లో కలిపి పడుకోబెడుతున్నాడట. దారులు కొంచెం నెమ్మదించాయి, ఎవరైనా మనవాళ్ళు వచ్చి తీసుకుపోవాలి, తాత వస్తాడని పాపకు చెప్పి ఉంచాం అని రాశాడు.

తాత వస్తాడని చెప్పి ఉంచారు.

అత్త తమ్ముడు బయలుదేరతానన్నాడు. ఆ రైళ్ళలో అతణ్ని పంపే ధైర్యం ఎవరికీ లేదు. కనుక నేను పోతున్నాను. ఢిల్లీ స్టేషనుకు అవ్వ కొడుకు తన లారీ తెస్తానని తంతి ఇచ్చాడు. పాపకు తెలుగు రాదు కనుక అత్త నాకు వాళ్ళ భాషలో ఆ ఒక్క మాటా నేర్పుతోంది. ఖానా ఖాయా? ఎవరి గొంతయినా ఇట్టే పట్టేసేవాణ్ని, ఈ రెండు మాటలూ నా గొంతుతో పలకడానికి నాలుగు రోజులుగా తంటాలు పడుతున్నాను. తాత సంగతి ఆ తరవాత చెప్పాలి.

రేపు పొద్దున నంద్యాల బస్సు. అత్త పాత ఖాకీ గుడ్డతో నాకొక సంచి కుట్టింది. దానికి కోటువి రెండు గుండీలు ఉన్నాయి, ఒకదానికొకటి చుట్టాలు కానివి. దారికి జొన్నరొట్టెలు కట్టింది. అన్నిటికన్నా పైన ఒక చిన్న రొట్టె పెట్టింది. అరచేయంత. అంత చిన్నది తట్టి చాలా కాలమైందేమో, అంచు ఒకవైపు కాస్త మాడింది.